మధ్యాహ్నం మూగబోయిన సోనార్

యుద్ధనౌకల కోసం మొదలైన చదువు సముద్రాన్ని కాపాడే చదువుగా ఎలా మారింది? ఆ పనిలో జీవితాలు గడిపిన ఇంజినీర్లు, శాస్త్రవేత్తల కథ. మన తీరం పిల్లలకు తెరిచి ఉన్న ఒక దారి.

విశాఖ ఆర్కే బీచ్ ఇసుకలో 91 మీటర్ల జలాంతర్గామి ఒకటి నిలబడి ఉంటుంది. పేరు ఐఎన్‌ఎస్ కురుసుర. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విరమణ పొందింది, మరుసటి ఏడాది మ్యూజియమై ఒడ్డెక్కింది. అక్కడి నుంచి ఉత్తరానికి వెళితే పెద జాలారిపేట. చీకటితో వెళ్లిన పడవలు తిరిగొచ్చే వేళకు ఇసుక మీద వలలు, గంపలు, బేరాలు. కానాగంతలు ఇవాళ ఎటు తగిలాయి, వంజరం ఎంత దూరం పోతే దొరికింది అన్న కబుర్లు.

చూడ్డానికి రెండు వేరువేరు లోకాలు. ఒకటి యుద్ధానిది, ఇంకొకటి కూటిది. రెంటికీ కావలసిన సమాధానం మాత్రం ఒక్కటే. ఈ పూట నీళ్లు ఎంత లోతు దాకా వెచ్చగా ఉన్నాయి, ఎక్కడి నుంచి చల్లబడుతున్నాయి? వెచ్చటి పొరకూ చల్లటి పొరకూ మధ్య ఉన్న ఆ గీత జలాంతర్గామికి దాక్కునే చోటు. చేపకు మేత దొరికే చోటు కూడా దాదాపు అక్కడే.

ఆ గీతను కొలవడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామందికి జీతం ఇచ్చింది నౌకాదళాలు. వాళ్ల లెక్కలు ఆ తర్వాత పనికొచ్చింది బెస్తవాళ్లకూ, తిమింగలాలకూ, మనందరికీ. ఈ సంగతి మన ఇళ్లలో, మన కాలేజీల్లో చాలా తక్కువమందికి తెలుసు. తీరంలోనే పుట్టి పెరిగిన పిల్లలకు సైతం సముద్రం సెల్ఫీ తీసుకునే చోటుగానే మిగిలిపోతుంటే నాకు బాధగా ఉంటుంది.

భోజనాల తర్వాత ఏమైంది?

రెండో ప్రపంచయుద్ధానికి కొన్నేళ్ల ముందు మాట. సెమ్స్ అనే అమెరికా నౌక క్యూబా దగ్గర గ్వాంటనామోలో సోనార్ పరీక్షలు చేస్తోంది. నీళ్లలోకి శబ్దాన్ని పంపి, జలాంతర్గామికి తగిలి వెనక్కొచ్చే ప్రతిధ్వనిని పట్టుకోవడం సోనార్ పని. పొద్దున పూట పరికరం చక్కగా పలికేది. మధ్యాహ్నమయ్యేసరికి దగ్గర్లోని జలాంతర్గామి కూడా దొరికేది కాదు. సోనార్ ముందు కూర్చున్నవాడు భోంచేసి కునుకు తీస్తున్నాడని అనుమానించారు. పరికరాన్ని పరీక్షించారు. లోపమేమీ లేదు.

చివరికి వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన కొలంబస్ ఐసెలిన్‌ను సాయం అడిగారు. ఆయన చేసిన పని నీటి ఉష్ణోగ్రత కొలవడమే. ఎండ ఎక్కేకొద్దీ పై పొర ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కుతోంది. సముద్రంలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కితే ఆ వేగం రెండు నుంచి నాలుగు మీటర్లు పెరుగుతుంది. వేగం మారేచోట శబ్దం తిన్నగా పోదు, నెమ్మదిగా పోయే చల్లటి నీళ్ల వైపు వంగుతుంది. మధ్యాహ్నం పూట సోనార్ పంపిన శబ్దమంతా అలా కిందికి వంగి లోతుల్లోకి జారిపోతోంది. జలాంతర్గామి ఆ వంపు అవతల, శబ్దం చేరని నీడలో ఉంది. ఆ సోనార్ మనిషి తప్పేమీ లేదు.

ఆ రోజుల్లోనే ఆథెల్‌స్టన్ స్పిల్‌హౌస్ అనే ఆయన బాతీథర్మోగ్రాఫ్ తయారుచేశాడు. చిన్న టార్పెడో ఆకారంలో ఉండే ఈ పరికరాన్ని, నడుస్తున్న ఓడ నుంచే తీగకు కట్టి నీళ్లలోకి వదలవచ్చు. లోతు పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత ఎలా మారిందో ఒక చిన్న గాజు పలక మీద సన్నగా గీసుకుని పైకొస్తుంది. యుద్ధకాలంలో ఈ పలకలు కుప్పలు తెప్పలుగా పోగయ్యాయి. నౌకాదళానికి అవి శత్రువు దాక్కునే చోట్ల ఆనవాళ్లు. సముద్ర శాస్త్రానికి అవే సముద్రం నాడిని అంత విరివిగా పట్టి చూసిన తొలి లెక్కలు.

వాల్తేరు ఎక్కించిన ఓడలు

ఆ గీతలు చదవడంలో చేయి తిరిగినవారు యూజీన్ లాఫాండ్. శాన్ డియాగోలో అమెరికా నౌకాదళ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో సముద్ర శాస్త్రవేత్త. 1952లో ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా విశాఖ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఓడెక్కి వెళ్లి నీటి ప్రవాహాలనూ ఉష్ణోగ్రతనూ కొలిచే చదువు అప్పటికి మన దేశంలో చాలా తక్కువ. భారత నౌకాదళం తన ఓడలిచ్చింది. వాల్తేరు కుర్రాళ్లు పరికరాలు మోసుకుని ఆ ఓడలెక్కారు.

వాళ్లు తేల్చిన విషయం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో నిలిచి ఉంది. మార్చి నుంచి మే దాకా నైరుతి గాలి మన తీరం వెంబడి వీస్తుంది. ఆ గాలి తోపుకు భూభ్రమణం తోడై పై నీళ్లు ఒడ్డు నుంచి లోపలికి జరుగుతాయి. ఆ జాగా నింపడానికి అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకి లేస్తాయి. వాటిలో ఉప్పూ ఎక్కువే, పోషకాలూ ఎక్కువే. ఆ పోషకాల మీద కంటికి కనపడని నాచు పెరుగుతుంది, దాన్ని తిని చిన్న ప్రాణులు, వాటిని తిని చేపలు. శరత్కాలంలో ప్రవాహం తిరగబడి పై నీళ్లు ఒడ్డు వైపు పోగుపడి కిందికి దిగుతాయి. యుద్ధం కోసం గీయడం నేర్చుకున్న గీత, రెండు దశాబ్దాలు తిరక్కముందే మన జాలర్ల పళ్లెంలోకి ఏం వస్తుందో చెప్పింది.

ఒడ్డు ఇసుకనూ వాళ్లు వదల్లేదు. వాల్తేరు తీరం ఏ నెలల్లో కోసుకుపోతుంది, ఏ నెలల్లో తిరిగి పూడుతుంది అన్నది లాఫాండ్, ఆయన ఆంధ్ర సహచరులు 1950ల మొదట్లోనే కొలిచారు. నైరుతి రుతుపవనాల కాలంలో మన తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దారిలో రేవు గోడ అడ్డొస్తే గోడకు ఇవతల పోగవుతుంది, అవతలి ఒడ్డు ఆకలితో కోసుకుపోతుంది. అందుకే విశాఖ రేవు దగ్గర పోగైన ఇసుకను తవ్వి ఆర్కే బీచ్ వైపు మళ్లీ పోయాల్సి వస్తోంది. రేవు కట్టే ఇంజినీరూ ఒడ్డు కాపాడే శాస్త్రవేత్తా ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని ఆ ఇసుక చెబుతూనే ఉంది.

విశాఖకు ఎదురుగా సముద్రం అడుగున మూడు లోయలున్నాయి. లాఫాండ్ వాటికి పెట్టిన పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. మొదటిది విశ్వవిద్యాలయం పేరు. రెండోది భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి.మహదేవన్ పేరు. మూడోది ఉపకులపతి వి.ఎస్.కృష్ణ పేరు. ఒక విశ్వవిద్యాలయం పేరు సముద్రగర్భంలో అలా నిలిచిపోవడం ఎంత గౌరవం! అయినా ఈ మాట విశాఖలో ఎంతమంది విద్యార్థులకు చెప్పి ఉంటాం? వాల్తేరులో సముద్ర శాస్త్రం చదివిన వి.వి.ఆర్.వరదాచారి ఆ తర్వాత గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు 1980ల తొలి సగంలో డైరెక్టర్‌గా పనిచేశారు. వర్ధమాన దేశాల సముద్ర శాస్త్రవేత్తలకు ఇచ్చే అంతర్జాతీయ పతకానికి లాఫాండ్ పేరే పెట్టారు.

1962 నుంచి 1965 దాకా ఎన్నో దేశాలు కలిసి హిందూ మహాసముద్రాన్ని కొలిచినప్పుడు మన తరఫున వెళ్లిన ఓడల్లో నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ కిస్ట్నా ఒకటి. మన కృష్ణానది పేరే. ఆ ఓడ తిరిగిన దారుల్లోనే ఈ మధ్య ఐఎన్‌ఎస్ సాగరధ్వని మళ్లీ తిరుగుతోంది. కొచ్చిలోని నౌకాదళ భౌతిక, సముద్ర విజ్ఞాన ప్రయోగశాల శాస్త్రవేత్తల కోసం కట్టిన ఓడ అది, 1994 నుంచి పనిచేస్తోంది. అదే దారిలో, అదే లోతుల్లో అరవై ఏళ్ల తర్వాత మళ్లీ కొలిస్తే సోనార్‌కు పనికొచ్చే లెక్క ఒకటి వస్తుంది. సముద్రం ఎంత మారిందన్న లెక్క కూడా దానితోపాటే వస్తుంది.

హైదరాబాద్‌లో సముద్రం లేదు, కానీ 1999 నుంచి అక్కడ జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్, ఉంది. ఉపగ్రహాలు చూపించే నీటి ఉష్ణోగ్రత, నాచు రంగు పక్కపక్కన పెట్టి, వెచ్చటి నీళ్లూ చల్లటి నీళ్లూ కలిసే అంచు ఎక్కడుందో గుర్తించి, చేపలు దొరికే చోటు ఫలానా దిక్కున ఇన్ని కిలోమీటర్లని తీరానికి కబురు పంపుతారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట విరామంలో తప్ప, మబ్బులు అడ్డురాని రోజుల్లో ఈ కబురు అందుతూనే ఉంటుంది. వెతుకులాట తగ్గితే డీజిల్ మిగులుతుంది. 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే. వాల్తేరులో గీసిన గీతకు ఇది వారసత్వమే.

తొట్టిలో ఓడ

1969లోనే, కురుసుర నౌకాదళంలో చేరిన ఏడే, విశాఖలో నౌకాదళ శాస్త్ర, సాంకేతిక ప్రయోగశాల మొదలైంది. ఎన్‌ఎస్‌టీఎల్ అంటే ఊళ్లో అందరికీ తెలుసు, లోపల ఏం జరుగుతుందో కొద్దిమందికే తెలుసు. వరుణాస్త్ర టార్పెడో పుట్టింది అక్కడే, 2016లో నౌకాదళం చేతికి వెళ్లింది. నన్ను ఎక్కువ ఆకట్టుకునేది మాత్రం అక్కడి 500 మీటర్ల పొడవైన నీటి తొట్టి. ఓడ నమూనాను ఆ తొట్టిలో లాగుతూ నీళ్లు దాన్ని ఎంత బలంతో వెనక్కి పట్టుకుంటున్నాయో కొలుస్తారు.

ఈ విద్యకు ఆద్యుడు విలియం ఫ్రౌడ్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు. 1870ల మొదట్లో బ్రిటిష్ నౌకాదళం డబ్బుతో టోర్కీ ఊళ్లో, తన ఇంటి దగ్గర తొట్టి కట్టాడు. ఓడను కట్టి చూసి తప్పు తెలుసుకునే కాలం పోయి, ముందే నమూనాతో తెలుసుకునే కాలం వచ్చింది. యుద్ధనౌక వేగంగా పోవాలన్నది అప్పటి కోరిక. ఇవాళ అదే లెక్క సరకు ఓడ తక్కువ నూనె తాగడానికి పనికొస్తోంది. 2013 నుంచి కొత్తగా కట్టే పెద్ద సరకు ఓడలు చాలావరకు టన్ను సరకుకు, మైలు దూరానికి ఎంత కార్బన్ వదలవచ్చన్న అంతర్జాతీయ హద్దుకు లోబడాలి. ఆ హద్దు అందుకోవడానికి తొట్టి పెద్ద ఆసరా.

ప్రొపెల్లర్ కథా ఇంతే. రెక్కలు వేగంగా తిరిగినప్పుడు వాటి ఒక పక్కన పీడనం పడిపోయి నీళ్లే బుడగలవుతాయి. ఆ బుడగలు చిట్లే చప్పుడు మైళ్ల దూరం వినిపిస్తుంది. జలాంతర్గామికి అది ప్రాణాంతకం కాబట్టి, బుడగలు పుట్టని రెక్కల కోసం నౌకాదళ ఇంజినీర్లు తరాల తరబడి శ్రమించారు. ఇప్పుడు సరకు ఓడల చప్పుడు తిమింగలాల మాటలను ముంచేస్తోందని తెలిశాక, అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2014లో చప్పుడు తగ్గించే సూచనలు ఇచ్చింది. అవి ఇంకా ఎవరిష్టం వాళ్లదిగానే ఉన్నాయి. ఉండకూడదని నా అభిప్రాయం. విద్య చేతిలో ఉంది, వాడమని చెప్పేవాళ్లే తక్కువ.

1967: ఒక గుల్ల, ఒక నురుగు

ఈ రంగంలో పనిచేసేవాళ్లు తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన రెండు సంగతులు ఒకే ఏడాదివి.

మొదటిది మన ఊరిదే. 1967లో విశాఖ రేవులో కొత్త రకం నల్లచారల ఆల్చిప్ప కనపడింది. పుట్టిల్లు మధ్య అమెరికా, కరీబియన్ నీళ్లు. ఏదో ఓడ అడుగుకు పట్టుకుని సముద్రాలు దాటి వచ్చింది. ఉప్పు తగ్గినా బతుకుతుంది, మురికి నీళ్లలోనూ బతుకుతుంది, గుత్తులు గుత్తులుగా పెరిగి రేవు స్తంభాలనూ, పడవలనూ, నీటి గొట్టాలనూ కప్పేస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్తలు దాన్ని గుర్తించి నమోదు చేశారు. అప్పటికే వ్యాపించింది, వదిలించుకోలేకపోయాం. 1999లో అదే ఆల్చిప్ప ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవులో కనపడితే అక్కడివాళ్లు రోజుల్లో రేవులు మూసి, క్లోరిన్, మైలుతుత్తం కలిపి నాలుగు వారాల్లో తుడిచిపెట్టారు. ఆ నీళ్లలో ఉన్న మిగతా ప్రాణులూ పోయాయి. అంత కఠినమైన నిర్ణయం వాళ్లు తీసుకోగలిగారంటే, ఆ గుల్ల విశాఖలో ఏం చేసిందో కాగితం మీద ఉండడం ఒక కారణం. మనవాళ్లు రాసిపెట్టిన నష్టం ఇంకొకరికి హెచ్చరికైంది.

ఓడ అడుగుకు గుల్లలు పట్టకుండా 1960ల నుంచి ట్రైబ్యూటైల్‌టిన్ అనే విషం కలిపిన రంగు వేసేవారు. గుల్లలు దగ్గరికి రాలేదు, నిజమే. కానీ 1970ల్లో ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో ఆయిస్టర్ల పెంకులు వంకర్లు తిరిగి సాగు కూలిపోయింది. ఇంగ్లండ్‌లో ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిచాయి. 1982లో ఫ్రాన్స్ చిన్న పడవలకు నిషేధించింది. ప్రపంచమంతటికీ నిషేధం రావడానికి 2008 దాకా పట్టింది. పరాయి ప్రాణులు ఓడలు తమ పొట్టలో నింపుకుని మోసుకొచ్చే నీళ్లతోనూ వస్తాయి. ఆ నీళ్ల మీద 2004లో ఒప్పందం రాశారు, అమల్లోకి వచ్చింది 2017లో. దానికోసం ప్రపంచంలో ఆరు రేవులను ముందుగా పరిశీలిస్తే వాటిలో ముంబయి ఒకటి. ఇవాళ అంబర్‌నాథ్‌లోని నౌకాదళ పదార్థాల పరిశోధన ప్రయోగశాల వంటి చోట్ల ఓడకు ఏ రంగు వేయాలన్నది పెద్ద పరిశోధన. గుల్ల పడితే నీళ్ల రాపిడి పెరిగి ఓడ ఎక్కువ నూనె తాగుతుంది, విషం వేస్తే సముద్రం చస్తుంది. ఆ రెంటి మధ్య దారి వెతకడమే అక్కడి రసాయన శాస్త్రవేత్త ఉద్యోగం.

రెండో సంగతి టోంకిన్ అఖాతంలో జరిగింది. 1967 జులై 29. ఫారెస్టల్ అనే అమెరికా విమానవాహక నౌక డెక్ మీద ఒక విమానానికి అమర్చిన రాకెట్ పొరపాటున దూసుకెళ్లి ఇంకో విమానం ఇంధన ట్యాంకుకు తగిలింది. ఇంధనం పారి నిప్పంటుకుంది. వేడికి బాంబులు పేలాయి. ఒకవైపు నురుగు చల్లుతుంటే ఇంకోవైపు నుంచి వచ్చిన నీళ్లు ఆ నురుగును కడిగేశాయి. 134 మంది నావికులు చనిపోయారు.

అప్పటికే వాషింగ్టన్‌లోని నౌకాదళ పరిశోధన ప్రయోగశాల ఒక కొత్త నురుగు కనిపెట్టి ఉంది. మండే ఇంధనం మీద అది సన్నటి పొరలా పరుచుకుని ఆవిరిని కట్టేస్తుంది. ఫారెస్టల్ తర్వాత ఆ నురుగు ఓడలకూ, విమానాశ్రయాలకూ, చమురు డిపోలకూ పాకింది. ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్క కట్టలేం. ఆ పొర అంత గట్టిగా ఉండడానికి కారణం కార్బన్‌కు అంటిపెట్టుకున్న ఫ్లోరిన్. ఆ బంధం మంటకే లొంగదు, ఇక మట్టికీ సూక్ష్మజీవులకూ ఏం లొంగుతుంది? శిక్షణ కోసం ఏళ్ల తరబడి చల్లిన నురుగు అమెరికా సైనిక స్థావరాల చుట్టూ భూగర్భ జలాల్లోకి దిగింది. తాగునీళ్లలో, మనుషుల నెత్తుటిలో తేలింది.

2019 చివర్లో అమెరికా పార్లమెంటు ఆ నురుగును సైన్యం మానుకోవాలని చట్టం చేసింది. 2023 జనవరిలో నేల మీద వాడే ఫ్లోరిన్ లేని నురుగుకు కొత్త ప్రమాణం వచ్చింది. నడిసముద్రంలో ఉన్న ఓడలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఎందుకంటే మంట నుంచి పారిపోవడానికి ఓడలో చోటుండదు. నురుగు కనిపెట్టిన ప్రయోగశాలే ఇప్పుడు దానికి మారు వెతుకుతోంది. ఆనాటి రసాయన శాస్త్రవేత్తలు దుర్మార్గులు కారు. కాలిపోతున్న కుర్రాళ్లను కాపాడారు. వాళ్లు వేసుకోని ప్రశ్న ఒకటుంది: మంట ఆరాక ఈ నురుగు ఎక్కడికి పోతుంది? ఈ తరం ఇంజినీరు తన డ్రాయింగ్ మీద ఆ ప్రశ్న మొదటి గీతకంటే ముందే రాసుకోవాలి.

రహస్యాలు తలుపు తీసినప్పుడు

2000 మార్చిలో బహామాస్ తీరంలో 17 సముద్ర క్షీరదాలు, ఎక్కువగా ముక్కు తిమింగలాలు, ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ సమయంలో అక్కడ అమెరికా నౌకాదళ సోనార్ విన్యాసాలు జరిగాయి. తర్వాతి ఏడాది చివర్లో నౌకాదళమూ, అమెరికా సముద్ర, వాతావరణ సంస్థా కలిసి ఇచ్చిన నివేదిక సోనారే కారణమై ఉండాలని ఒప్పుకుంది. తన పరికరం చేసిన హానిని తన కాగితం మీద తానే రాసుకోవడం ఏ సైన్యానికైనా తేలిక కాదు. అలాంటి కాగితం రావాలంటే నౌకాదళంలో జీవశాస్త్రవేత్తలు, ధ్వని ఇంజినీర్లు ఉండాలి.

అదే నౌకాదళం ప్రచ్ఛన్న యుద్ధకాలంలో సోవియట్ జలాంతర్గాముల కోసం సముద్రం అడుగున పరిచిన శ్రవణ యంత్రాల వరుసను 1990ల మొదట్లో తిమింగల శాస్త్రవేత్తలకు తెరిచింది. నీలి తిమింగలం పాటను వందల మైళ్ల దూరం నుంచి విని, అది ఎటు పోతోందో వారాల తరబడి వెంట నడిచారు. అప్పటిదాకా ఆ పాట సైనికులకు అడ్డొచ్చే రొద.

ఉత్తర ధ్రువం కింద తిరిగిన అణు జలాంతర్గాములు తలకు మంచు తగలకుండా పైకి సోనార్ పెట్టి మంచు మందం కొలుచుకుంటూ పోయేవి. ఆ లెక్కలు రహస్యం. బయటికి వచ్చాక 1999లో డ్రూ రాత్‌రాక్ బృందం వాటిని పోల్చి చూసింది. 1958 నుంచి 1976 మధ్య నీళ్ల కింద సగటున 3.1 మీటర్లున్న మంచు 1990లకు 1.8 మీటర్లకు తగ్గింది. పర్యావరణం కోసం ఎవరూ ఆ రోజుల్లో అన్నేళ్లు, అంత ఖర్చు పెట్టి ధ్రువం కింద తిరిగి ఉండేవారు కాదు. జలాంతర్గామి తన ప్రాణం కోసం కొలుచుకున్న మంచు, భూమి వేడెక్కుతోందన్న వాదానికి గట్టి సాక్ష్యమైంది. మన దేశంలోనూ రక్షణ సంస్థల దగ్గర ఉన్న పాత సముద్ర లెక్కల్లో బయటపెట్టగలిగినవి పరిశోధకులకు ఇవ్వాలి. కాలం గడిచాక వాటిలో రహస్యం తగ్గుతుంది, విలువ పెరుగుతుంది.

తెట్టు కట్టిన రోజు

2017 జనవరి 28న చెన్నై ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని నల్లటి చమురు ఒడ్డుకు చేరింది. విద్యార్థులు, బెస్తవాళ్లు, తీరరక్షక దళం మనుషులు బకెట్లతో ఆ తారు ఎత్తిపోస్తున్న ఫొటోలు దేశమంతా చూసింది. 2025 మే 25న కొచ్చికి ఎదురుగా ఎంఎస్‌సీ ఎల్సా 3 మునిగింది. అందులో 640 కంటెయినర్లు. పప్పుగింజల్లాంటి ప్లాస్టిక్ గుళికలు కేరళ ఒడ్డున తేలాయి. ఇలాంటప్పుడు చమురు ఎటు పోతుంది, కంటెయినర్ ఎక్కడ ఒడ్డెక్కుతుంది అని గాలినీ ప్రవాహాన్నీ లెక్కగట్టి చెప్పేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలే. నీళ్లలో దిగేది తీరరక్షక దళం. కాలుష్యాన్ని ఎదుర్కోవడానికే కట్టిన సముద్ర పహరేదార్ ఓడకు విశాఖే స్థావరం. యుద్ధం ఏ రోజు వస్తుందో చెప్పలేం, తెట్టు కూడా అంతే. రోజూ కొలిచే అలవాటున్నవాళ్లే ఆ రోజు పనికొస్తారు.

ఎక్కేదెలా?

2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు గోవా నుంచి తారిణి అనే 56 అడుగుల తెరచాప పడవలో భూమిని చుట్టడానికి బయల్దేరారు. 254 రోజుల తర్వాత తిరిగొచ్చారు. వాళ్లలో ఇద్దరు తెలుగువాళ్లు. విశాఖకు చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. ఐశ్వర్యది నౌకా నిర్మాణ శాస్త్రం. పడవ సారథి వర్తికా జోషీదీ అదే. దారి పొడవునా వాళ్లు వాతావరణ శాఖకు అలల లెక్కలు పంపారు, నడిసముద్రంలో కాలుష్యాన్ని నమోదు చేశారు. ఓడ కట్టడం తెలిసినవాళ్లే సముద్రం చెత్తనూ లెక్కపెట్టారు.

ఈ ఉద్యోగాలు సుఖమైనవని చెప్పను. ఓడ మీద రాత్రి రెండు గంటలకు లేపి, పరికరం దించే వేళైందంటారు. తాడు గంటల తరబడి దిగుతుంది, గంటల తరబడి పైకొస్తుంది. కడుపు తిప్పుతుంది. ఒక్క సీసా మూత సరిగా పడకపోతే ఆ లోతు నీళ్లు మళ్లీ మొదటి నుంచి తేవాలి. పదేళ్ల కొలతలు పోగైతే గానీ ఒక్క మాట ధైర్యంగా అనలేరు. రక్షణ ప్రయోగశాలలో చేరితే చేసిన పని ఇంట్లో చెప్పుకోవడానికీ ఉండదు. అయినా ఆ పని చేసినవాళ్లలో దాన్ని వదలాలనుకున్నవాళ్లు తక్కువ.

ప్లస్ టూ తర్వాత నౌకా నిర్మాణంలో బీటెక్ కావాలంటే విశాఖలోనే భారత సముద్ర విశ్వవిద్యాలయం ప్రాంగణం ఉంది. ఐఐటీ మద్రాస్, ఐఐటీ ఖరగ్‌పూర్, కొచ్చి విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్రం, మెరైన్ ఇంజినీరింగ్ ఉన్నాయి. గేట్‌లో 2021 నుంచి పర్యావరణ శాస్త్రం, 2022 నుంచి నౌకా నిర్మాణం విడి పేపర్లయ్యాయి. డీఆర్‌డీఓలో సైంటిస్ట్-బి ఉద్యోగానికి గేట్ స్కోరు దారి. మూలవేతనం రూ.56,100 నుంచి మొదలవుతుంది. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, మెటలర్జీ చదివినవాళ్లకూ తలుపులు తెరిచే ఉంటాయి. ఐఎన్‌ఎస్ విక్రాంత్‌కు వాడిన ఉక్కు తయారీ వెనక ఉన్నది హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ముగ్గురు మనుషులను 6,000 మీటర్ల లోతుకు పంపే మత్స్య 6000 తయారుచేస్తోంది. ఆ టైటానియం గోళం లోపలి వెడల్పు 2.1 మీటర్లే. అడుగున ఉన్న ఖనిజాల కోసం వెళుతున్న మనం, అక్కడి ప్రాణులకు ఏమవుతుందో ముందే కొలిచి చెప్పేవాళ్లనూ అదే గోళంలో కూర్చోబెట్టాలి. ఆ ముగ్గురిలో ఒకరైనా జీవశాస్త్రవేత్త అయితే బాగుంటుంది.

తల్లిదండ్రులకూ, మాస్టార్లకూ ఒక విన్నపం. ఈసారి పిల్లలతో కురుసుర ఎక్కినప్పుడు ఫొటో దిగి దిగిపోకండి. సోనార్ గది దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పొద్దున పలికి మధ్యాహ్నం మూగబోయిన ఆ పరికరం సంగతి చెప్పి, కారణమేమై ఉంటుందో వాళ్లనే అడగండి. సమాధానం చెప్పకుండా బయటికి తీసుకొచ్చి, ఎదురుగా ఉన్న నీళ్లను చూపించండి.